భానుమూర్తి స్క్రూ స్పానర్లు

పాత ఇనుము శ్రీరాములుతో నోరు పెట్టుకుని గెలిచినవాడు నూజివీడులో లేడని ప్రతీతి. అలాంటివాణ్ణి భానుమూర్తి చిటికెడు ముగ్గుపిండితో ఓడించడం జ్ఞానప్రసూనాంబ కళ్లారా చూసింది. కూరల సంచీ మోసుకుంటూ మొగుడి కోసం ఎండలో నిలబడింది కనక చూడక తప్పలేదు.

"ఇది ఇంగ్లాండు సరుకు పంతులుగారూ! దొరల కాలం నాటి స్క్రూ స్పానరు. తుక్కు ధరకి ఇయ్యను," అన్నాడు శ్రీరాములు.

"దొరలు దీన్ని చూసుంటే అప్పుడే ఓడెక్కేవాళ్లు. దవడ ఎలా ఊగుతోందో చూడు, పళ్లూడిన ముసలాడిలా!"

"తుప్పు మీదుంది గానీ, తోమితే బంగారమండీ."

భానుమూర్తి జేబులోంచి ముగ్గుపిండి పొట్లం తీసి, పిడి మీద చల్లి, అరచేత్తో తుడిచాడు. తుప్పులో పూడిపోయిన ఇంగ్లీషు అక్షరాలు తెల్లగా పైకి తేలాయి.

"చదువు."

శ్రీరాములు కూడబలుక్కున్నాడు. "ఇం... డి... యా."

"ఇంగ్లాండులో ఏ జిల్లాలో ఉందయ్యా ఆ ఊరు?"

టీకొట్టు దగ్గర జనమంతా గొల్లుమన్నారు. శ్రీరాములు కూడా నవ్వేసి, దాన్ని తుక్కు కిందే తూచి ఇచ్చాడు.

అర్చకుడి కొడుకు భానుమూర్తి. తండ్రి గంట చేతికిస్తే వద్దని స్పానరు పట్టాడు. మామిడితోటల్లో ఆయిలింజన్లు బాగుచేస్తూ ఆగిరిపల్లి నుంచి మైలవరం దాకా సైకిలు తొక్కాడు. "పూజారి చేతికి గ్రీజేంటమ్మా!" అని చుట్టాలు ముక్కు మూసుకుంటే, "మీ గంధం చేతులు మా పొయ్యి వెలిగించాయా?" అని ప్రసూనాంబ వాళ్ల నోళ్లు మూయించింది. మొగుణ్ణి తాను అనొచ్చు, ఇంకొకళ్లు అనకూడదు.

కరెంటు మోటార్లొచ్చి ఇంజన్లు మూలపడ్డాక, షెడ్లలో మిగిలిన స్క్రూ స్పానర్లన్నీ ఒక్కొక్కటే అతనింటికి చేరాయి. మొత్తం అరవై మూడు. వసారా గోడ నిండా మేకులు కొట్టి వేలాడదీశాడు. పిడి మీది అక్షరాలు, మర తిరిగే దిక్కు, దవడ వంపు చూసి ఏది ఏ దేశానిదో, ఎప్పటిదో చెప్పేవాడు. ఎక్కడెక్కడి మెకానిక్కులో వచ్చి అడిగి తెలుసుకుని పోయేవారు. ప్రసూనాంబ చదువు రెండో తరగతితో సరి. "ఇంటికి లక్ష్మి రావాలి గానీ తుప్పు రావడమేంటండీ!" అనేది.

తర్వాత భానుమూర్తి కళ్లకి నీటికాసులు పట్టుకున్నాయి. నిరుడు ఒక కన్ను పోయింది, ఈ ఏడు రెండోది. "ఇక వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియవమ్మా," అని డాక్టరు చెప్పినప్పుడు, మొగుడి ముందు ఏడవడం నామోషీ అని ఆమె ఆస్పత్రి గుమ్మం దాటేదాకా ఆగింది.

అప్పట్నుంచి భానుమూర్తి మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని, ఒక్కో స్పానరూ ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో పిడిని రాస్తూ తనలో తాను నవ్వుకునేవాడు. కుక్కపిల్లని నిమిరినట్టు నిమురుతున్నాడనుకుంది ఆమె.

దసరా దగ్గరపడింది. ఏటా ఆయుధపూజకి వాటికి నూనె రాసి బొట్లు పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఈసారి అది చాలదనిపించింది ప్రసూనాంబకి. వెలుగు తెలుస్తుందన్నారుగా, అద్దాల్లా మెరిస్తే ఈయనకి కనబడవూ? భానుమూర్తి తద్దినానికని ఉంగుటూరులో అక్కగారింటికి వెళ్లిన రెండు రోజుల్లో, అన్నిటినీ గోనెసంచుల్లో వేసి, ఆటోలో డేవిడ్ రాజు లేతు షాపుకి పట్టుకెళ్లింది.

"సారుకి చెప్పారాండీ అమ్మగారూ?" అన్నాడు డేవిడ్ రాజు. "గ్రైండింగ్ రాయి పెడితే పేర్లు పోతాయండి."

"మా ఇంటి సామాను తోమించడానికి నీ పర్మిషనొకటా? నాకు చదవడం రాదు, ఆయనకి కనబడదు. ఎవరి కోసమయ్యా పేర్లు? సాన పట్టు!"

అతను పట్టాడు.

పండగ రోజు పొద్దున్నే, ఊరి నుంచి దిగిన మొగుణ్ణి ఆమె చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లింది. "కనబడుతున్నాయాండీ?"

"ఏదో తళుక్కుమంటోంది ప్రసూనా." సంతోషంగానే అన్నాడు. ఒకటి తీశాడు. బొటనవేలు పిడి మీద పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. దాన్ని పెట్టేసి ఇంకొకటి తీశాడు. ఆ తర్వాత ఇంకొకటి.

"ఇది ఏది?" అన్నాడు.

ఆమెకేం తెలుసు? అతని వేలు నున్నటి ఇనుము మీద వెతుక్కుంటుంటే చూస్తూ నిలబడింది. ఇన్నాళ్లూ ఆ వేలు నిమరలేదు, చదివింది.

భానుమూర్తి చివరిదాకా తడిమాడు. అరవై మూడూ. ఆ తర్వాత గోడకి ఆనుకుని కూర్చుని, ఆమె చెయ్యి కోసం గాలిలో వెతికి పట్టుకున్నాడు.

"ప్రసూనా, సాయంత్రం జనం పూజ చూడ్డానికొస్తారు. ఎవరడిగినా నేనే సాన పట్టించమన్నానని చెప్పు. డేవిడ్ రాజుకి కూడా చెప్పి ఉంచు. చదువురాని ఆడది పాడుచేసిందని ఎవడైనా నోరు జారితే నేను వినలేను."