అందుకునేవాళ్లు లేని పాట

మా చిన్నకొడుకు కూతురు ఈ ఏడు సంగీతంలో డిగ్రీ చదువుతానంటోంది. నిన్న పొద్దున ఫోను ముందు పెట్టుకుని ఆ కాలేజీ వాళ్ల నియమాలన్నీ నాకు చదివి వినిపించింది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, వీటిలో ఒకటి ముఖ్యంగా తీసుకోవాలట, దానికి తోడు సంగీత శాస్త్రమూ ఒక భాషా చదవాలట, ఇంటర్ పాసై ఉండాలట, అన్నిటికన్నా ముందు తను పాడిన కృతి ఒకటి ఫోనులో పట్టి పంపాలట. అందులో శ్రుతి తప్ప మరో గొంతు వినిపించకూడదట. ఆ చివరి మాట మళ్లీ ఒకసారి చదివించుకున్నాను. పిల్ల ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, నన్ను ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, తాతా నువ్వు దగ్గొద్దు అని చెప్పి తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. ఉక్కలో తువ్వాలుతో విసురుకుంటూ కూర్చుంటే, నా ఈడు వాళ్లకు తప్ప చెప్పినా అర్థం కాని సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది.

మాది గద్వాల అవతల, గట్టు అనే ఊరి దగ్గర ఒక చిన్న పల్లె. వాన పడితే జొన్న, ఆముదం, పడకపోతే ఆకాశం వంక చూపులు, అదీ మా సేద్యం. కన్నడ సీమ అంచున ఉన్నాం కనుక మా భజనలో సగం కన్నడ పదాలే ఉండేవి, వాటి అర్థం తెలిసి పాడినవాళ్లు ఎందరో చెప్పలేను గాని పాడకుండా కూర్చున్నవాళ్లు మాత్రం లేరు. భజనకు పెద్ద మా నాయన. ఆయన పాటలో ఒక పాదం ఎత్తితే మిగతావాళ్లం దాన్నే తిరిగి పాడి అందుకునేవాళ్లం. ఎత్తిన పాదాన్ని ఎవరూ అందుకోకపోతే అది కింద పడ్డట్టని మావాళ్ల నమ్మకం, పాదం కింద పడితే ఊరికి మంచిది కాదని పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. కలుపు తీస్తున్నా, కల్లంలో ఉన్నా, ఎవరో ఎత్తిన పాదం చెవిన పడిందంటే చేతిలో పని ఆపైనా అందుకోవాల్సిందే. నేను ఊహ తెలిసిన నాటి నుంచి నాయన పక్కన కూర్చుని అందుకున్నవాణ్ణి. నా గొంతు పైకి బాగా లేస్తుందని మిగతావాళ్లు నా వెంట వచ్చేవాళ్లు.

చదువు కోసం నన్ను గద్వాలలో ఉన్న మేనమామ ఇంట్లో ఉంచారు. మామ అక్కడ బడిపంతులు. ఆ నిజాం రోజుల్లో పాఠాలన్నీ ఉర్దూలోనే కదా, పగలంతా అలీఫ్ బేలతో కుస్తీ పట్టి, తెల్లవారుజామున మామ దగ్గర సరళీ స్వరాలు పాడేవాణ్ణి. మామకు సంగీతమంటే ప్రాణం. సంస్థానంలో కచేరీ జరిగితే ఎక్కడో ఒక మూలన నిలబడైనా విని వచ్చేవాడు, ఇంట్లో ఫిడేలు ఒకటి ఉండేది గాని దాన్ని తను సరిగా వాయించడు, ఇంకొకరిని ముట్టనివ్వడు. నేను మెట్రిక్ పాసైన ఏడు ఆయన ఒక కబురు మోసుకొచ్చాడు. చెన్నపట్నంలో ఒక కాలేజీలో సంగీతానికి కూడా బి.ఏ. లాగే డిగ్రీ ఇస్తున్నారట, అక్కడి ఆచార్యులొకరు వనపర్తికి కచేరీకి వస్తున్నారట, మా ప్రాంతం పిల్లలు ఎవరైనా తగినవాళ్లుంటే అక్కడే పరీక్షించి తీసుకుంటారట, చదువు ఖర్చు వనపర్తి సంస్థానమే చూసుకుంటుందట.

మెట్రిక్ ఉండాలి, అది ఉంది. గాత్రమో వాద్యమో ఒకటి ఎంచుకోవాలి. వీణను నేను దేవుళ్ల పటాల్లో తప్ప చూడలేదు, ఫిడేలు సంగతి చెప్పాను, మృదంగం అంటే మా ఊళ్లో ఉన్నది భజన డోలకు. కాబట్టి మిగిలింది గాత్రమే. శ్రుతిలో నిలబడాలి, చేత్తో తాళం వేయాలి, ఒక పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే పాడాలి. ఈ మూడూ మామ నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. మొదటి రెండింటికి ఎంత సాధన చేయించాడో, మూడోదాన్ని అంత తేలిగ్గా వదిలేశాడు, పాట వచ్చినవాడికి ఒక్కడే పాడటం ఏం కష్టమని. ఆయనెప్పుడూ భజనలో కూర్చున్నవాడు కాదు.

నాయన మాత్రం వద్దనే అన్నాడు. దేవుని ముందర పాడే పాటకు పరీక్ష ఏమిటన్నాడు, కౌలుకు పట్టిన చేను ఎవరు చేస్తారన్నాడు. మామ వచ్చి నచ్చజెప్పి, అమ్మ ఏడిస్తే చివరికి నాయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఒక్కసారే సూద్దం. గాడ తీసుకుంటె పో. తీసుకోకుంటె మల్ల పాట, సదువు అనొద్దు, నా ఎంట సేన్లకు రావాలె" అన్నాడు. నాయన మాట అంటే మా ఇంట్లో రాతి మీద గీత.

పరీక్షకు ముందు కొన్నాళ్లు ఊళ్లోనే ఉండి సాధన చేశాను. మామ నేర్పిన చిన్న కృతి ఒకటి, దానికి తోడు మా భజనలో పాడే తత్వం ఒకటి. నేను తత్వం ఎత్తితే పొయ్యి దగ్గర నుంచి అమ్మ అందుకునేది, కొట్టంలో నుంచి జీతగాడు అందుకునేవాడు, ఒక్కోసారి గోడ అవతలి నుంచి పక్కింటి పెద్దమ్మ కూడా. నాయన అక్కడే అరుగు మీద పగ్గం పేనుకుంటూ ఉండేవాడు గాని నోరు విప్పేవాడు కాదు. అది కోపమే అనుకున్నాను, నాకూ పౌరుషం వచ్చి ఆయన వైపు చూడకుండా పాడేవాణ్ణి.

మామకు బడి సెలవు దొరకలేదు, అందుకని నాయనే నా వెంట వచ్చాడు. గద్వాల నుంచి రైలుంది, అయినా నాయన పెబ్బేరు సంత మీదుగా పోదామన్నాడు. ఎందుకో అప్పుడు చెప్పలేదు. శ్రావణం రోజులు, బీచుపల్లి దగ్గర కృష్ణ ఎర్రగా పారుతోంది. నది దాటించే తోలు పుట్టి ఎక్కాక నడుమ అది గిరగిరా తిరుగుతుంటే నాకు భయం వేసింది, చావుకు కాదు సుమా, నీళ్లు తగిలి గొంతు పట్టేస్తే ఎట్లా అని. నాయన ఏమీ అనకుండా తన తువ్వాలు తీసి నా మెడకు చుట్టాడు.

పెబ్బేరు సంతలో తెలిసింది అసలు సంగతి. నాయన ఎడ్ల వరసల మధ్య నడిచి నడిచి ఒక తెల్లటి ఎద్దు దగ్గర ఆగాడు. పళ్లు చూశాడు, మూపురం నిమిరాడు, తోక కింద సుడి చూశాడు. ఎద్దుగలాయన పెబ్బేరు మనిషే, ఆయనతో "రేపు సందేల దాంక ఎవరికియ్యకు. మల్లొచ్చేటప్పుడు చెప్త" అన్నాడు. నేను పరీక్షలో నెగ్గకపోతే ఇంట్లో ఇంకో అరక కట్టే మనిషి ఉంటాడు, కొట్టంలో ఒంటిగా ఉన్న ఎద్దుకు జత కావాలి. లెక్క అంత తేటగా ఉంది. ఆ ఎద్దు నెమరు వేస్తూ నా వంక చూసింది. అందమైన ఎద్దే, కాని నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. చీకటి పడేసరికి వనపర్తి చేరాం.

మర్నాడు పొద్దున ఒక పాత బంగళా వసారాలో కూర్చున్నాం. నాకన్నా ముందు వచ్చిన వాళ్లు తెల్ల పంచెలు, నుదుట బొట్లు, ఒకరి ఒళ్లో వీణ కూడా ఉంది. వాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లడం, పాట వినిపించడం, బయటికి రావడం. నాయన గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. నా పేరు పిలిచేసరికి మెడకున్న తువ్వాలు తీసి ఆయనకిచ్చి లోపలికి పోయాను.

లోపల చాప మీద ఆచార్యులవారు, పక్కన తంబురా మీటుతున్న శిష్యుడు. తంబురా అంత దగ్గర నుంచి వినడం అదే మొదలు, గది మొత్తం అదే నిండి ఉంది. స్వరాలు పాడమన్నారు, పాడాను. తాళం వేయమన్నారు, వేశాను. మామ కృతి సగం విని చాలన్నారు, ముఖంలో ఇష్టమో అయిష్టమో తెలియలేదు. ఇలాంటివి అందరూ పాడారు, మీ ఊరి పాట ఒకటి పూర్తిగా పాడు, నీ గొంతు ఎంతటిదో అందులో చూస్తానన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. తత్వం మొదటి పాదం ఎత్తాను, గొంతు బ్రహ్మాండంగా పలికింది. పాదం అయిపోయింది, నోరు మూశాను. చేయి తాళం వేస్తూనే ఉంది, తంబురా మోగుతూనే ఉంది, నేను మాత్రం ఎదురు చూస్తున్నాను. ఎవరూ అందుకోలేదు. ఆచార్యులవారు కనుబొమలు పైకెత్తి, "ఏమబ్బాయ్, మరిచిపోయావా?" అన్నారు. లేదని తల ఊపి మళ్లీ ఎత్తాను. మళ్లీ పాదం చివర నోరు దానంతట అదే మూతపడింది. తర్వాతి పాదం నాకు రాక కాదు, నిద్రలో లేపినా వస్తుంది, కాని ముందు పాదం అలా గాలిలో ఉండగా దాన్ని వదిలి ఇంకోదానికి పోవడం నా వల్ల కాలేదు. మూడోసారి అవకాశమిచ్చి శిష్యుడి వంక చూశారాయన, ఇదే చివరిసారని ఆ చూపులోనే తెలిసింది. కళ్ల ముందు పెబ్బేరు ఎద్దు నిలబడింది. ఎత్తాను. ఆగిపోయాను.

అప్పుడు వసారాలో నుంచి నా పాదం నాకు తిరిగి వచ్చింది.

నాయన గొంతు. పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగని గొంతు, మొదట కాస్త జీరపోయి, తర్వాత నిండుగా. చిన్నప్పటి నుంచి ఆయన ఎత్తితే నేను అందుకున్నాను గాని, నేను ఎత్తితే ఆయన అందుకోవడం అదే మొదటిసారి. ఒక్క క్షణం పరీక్ష మరిచిపోయి రెండో పాదం ఎత్తబోయాను. ఇంతలో తలుపు దగ్గరున్న నౌకరు కేకలు వేస్తూ నాయనను రెక్క పట్టి గుమ్మంలో నిలబెట్టాడు. నాయన చేతులు జోడించి, "తప్పయింది దొరా. పాదం కింద పడ్తుంటె సూస్త ఊకోలేకపోయిన. పిల్లగానిది తప్పు లేదు, ఆనికి పాట వస్తది" అన్నాడు. ఎవరి ముందూ తల వంచని మనిషి అలా నిలబడటం చూసి నాకు ఏడుపొచ్చింది.

పాదం పడటమేమిటని ఆచార్యులవారు అడిగితే నేనే తడబడుతూ చెప్పాను. ఆయన తాళం వేసే నా చేతి వంక ఒకసారి చూసి, గాత్రం చదివేవాడు జీవితమంతా ఒక్కడే పాడాలి, అక్కడ ఎవరూ అందుకోరు, ఇప్పుడు చివరిదాకా పాడగలిగితే చూద్దామన్నారు. నాయనను బయటికి పంపమనలేదు, గుమ్మంలోనే కూర్చోమన్నారు, మాట రాకూడదన్నారు.

నాలుగోసారి ఎత్తాను. పాదం చివర నోరు మూతపడబోతుంటే నాయన వైపు చూశాను. ఆయన తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని పళ్లతో బిగపట్టి కూర్చున్నాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, కళ్లలో నీళ్లు. నా పాదం కింద పడుతుంటే, దాన్ని పడనిచ్చాడు. అది చూశాక ఆగితే నేను మనిషిని కాదనిపించింది. రెండో పాదానికి పోయాను, మూడోదానికి పోయాను, ఎలా పాడానో తెలియదు, చివరిదాకా పాడాను. నన్ను తీసుకున్నామని ఆచార్యులవారు అన్నప్పుడు నాయన తువ్వాలు తీసి మూతి తుడుచుకున్నాడు, అంతే.

తిరిగి పోయేటప్పుడు పెబ్బేరులో ఆ ఎద్దు దగ్గర ఆగాడు. దాని మూపురం మరోసారి నిమిరి, "ఎవరికన్న ఇచ్చుకో. నా కొడుకు సదువుకు పోతుండు" అన్నాడు. ఆ మాటలో సంబరమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది. అదేమిటో నేను చెన్నపట్నం రైలెక్కే రోజు అమ్మ చెప్పింది. "మీ నాయిన పరేషాన్ ఎద్దుకు గాదు బిడ్డా, సేనుకు గాదు. నువ్వు పోతె ఆయన పాదం ఎవరందుకుంటరని." ఊళ్లో అందుకునేవాళ్లు ఉన్నారు కదా అన్నాను. అమ్మ నా మూట నా చేతికిచ్చింది.

డిగ్రీ చదివాను, కొలువు చేశాను, ఎందరికో గాత్రం నేర్పాను. ఒక్కడినే పాడటం బాగా అలవాటైంది, సెలవులకు ఊరికి పోయి భజనలో కూర్చుంటే పాదం అందుకోవడంలో నేనే వెనకబడేవాణ్ణి, నాయన చూసి చూడనట్టు ఊరుకునేవాడు. ఇప్పుడు మా ఊరి భజనకు మైకు వచ్చింది, పాట పెట్టెలో నుంచి వస్తుంది, అందుకునేవాళ్ల గొంతులు కూడా అందులోనే ఉంటాయి. కూర్చున్నవాళ్లు వింటారు. ఇప్పటి పిల్లలకు శ్రుతి ఫోనులో, తాళం ఫోనులో, వినేవాళ్లు ఎక్కడో. వాళ్లను తప్పు పట్టను, నేను నేర్చుకున్నదీ నేర్పిందీ ఆ ఒంటి పాటనే.

లోపల మనవరాలు పాట ఎత్తింది. గొంతు పైకి బాగా లేస్తుంది, అది మా నాయన నుంచి వచ్చిందే. పల్లవి మొదటి పాదం ముగిసి ఊపిరి కోసం ఆగింది. ఇన్నేళ్ల తర్వాత నా నోరు దానంతట అదే తెరుచుకుంది. ఇంకో గొంతు వినిపించకూడదన్న మాట గుర్తొచ్చి, చేతిలో ఉన్న తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని, పిల్ల పాట పూర్తయ్యేదాకా అలాగే బిగపట్టి కూర్చున్నాను.