ఐసు మేస్త్రి తివాచీ

వీబ్రెన్ పేరు చెబితే మా ఊళ్ళో ఎవరైనా ముందు విసుక్కుంటారు, ఆ తరవాతే నవ్వుతారు. ఆయన బతుకంతా జనాన్ని ఆపడంతోనే సరిపోయింది. మా ఊరి కాలువ మీద పైకి లేచే వంతెన ఒకటుంది. దానికి ఆయన చాలా ఏళ్ళు కాపలాదారు. పడవ వస్తే రోడ్డు మీద కార్లని ఆపేవాడు. పడవవాళ్ళని మాత్రం వదిలేవాడా? గాలపు కర్రకి చెక్కబూటు వేలాడదీసి వాళ్ళ ముక్కు ముందు ఊపేవాడు. అందులో సుంకం పడితేగాని వంతెన లేచేది కాదు. తరవాత ఎక్కడో ఆఫీసులో కూర్చుని మీట నొక్కి వంతెన లేపే రోజులొచ్చాయి, ఆయన్ని ఇంటికి పంపేశారు. వస్తూ వస్తూ ఆ కర్రనీ చెక్కబూటునీ చంకన పెట్టుకొచ్చాడు.

ఆపడానికి ఇంకేమీ లేకపోయేసరికి ఊరి స్కేటింగ్ సంఘానికి ఐసు మేస్త్రి అయ్యాడు. పని ఏమిటంటే, డిసెంబరు రాగానే చర్చి వెనకున్న పల్లపు మైదానానికి కాలువ నీళ్ళు పెట్టాలి, పిక్కల్లోతు. చలి బిగిసి నీళ్ళు గడ్డ కట్టాక, పైన పల్చగా నీళ్ళు చల్లుతూ పొర మీద పొర పొయ్యాలి. బెజ్జం వేసి మందం చూడాలి, మడమతో తట్టి చప్పుడు వినాలి. గేటు తెరవచ్చో లేదో చెప్పాలి. వీబ్రెన్ చెప్పేది ఎప్పుడూ ఒకటే మాట: "ఇంకా కాదు." ఆయన కనిపిస్తే చాలు, పిల్లలు గొంతు బొంగురు చేసుకుని "ఇంకా కాదు" అని వెక్కిరిస్తారు.

నేను గేస్కెని. ఆ మైదానాన్ని ఆనుకునే మా ఇల్లు. గేటు తెరిచిన రోజుల్లో అక్కడి పాకలో బఠాణీపప్పు సూపు కాచి అమ్మేది నేనే, గరిటె గుచ్చితే పడిపోకుండా నిలబడేంత చిక్కటి సూపు. ఆయన "ఇంకా కాదు" అన్నప్పుడల్లా నా గిన్నె బోర్లించే ఉంటుంది. కాబట్టి ఆయన మీద ఊరందరికీ ఉన్న కోపం కంటే నాది ఒక గరిటెడు ఎక్కువ.

ఈ మధ్య మా ఫ్రీస్‌లాండ్ చలికాలాలకి పౌరుషం చచ్చిపోయింది. ఏటా నీళ్ళు పెడతాడు, వాటిలో బాతులు ఈదుతాయి, మార్చిలో నీళ్ళు వదిలేస్తాడు. గేటు చివరిసారి సరిగ్గా తెరిచినప్పటికి ఇప్పుడు బడికెళ్తున్న పిల్లల్లో సగం మంది పుట్టలేదు. పోయిన శీతాకాలం మొదట్లో ఆయన పుట్టినరోజని కేకు ముక్క పట్టుకెళ్ళాను. గుమ్మం బయటే నిలబడ్డాను. ఇంటికి రోజుకి ఒక్క చుట్టమే రావాలన్న కరోనా రూలు ఒకటి, ఆ రోజు చుట్టం అప్పటికే వచ్చిపోయాడు; వాళ్ళ ముందుగదిలో ఫ్రౌక్ తివాచీ మరొకటి. ఫ్రౌక్ ఆయన భార్య. ఆవిడ పోయి చాలా కాలమైనా, ఆ ఎర్ర తివాచీ మీద చెప్పులతో అడుగు పెట్టే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

"మోకాలు ఒప్పుకోవట్లేదు గేస్కె," అన్నాడు. "ఈ ఏడాదితో సరి. ఒక్కసారి ఆ గేటు తీసి, పిల్లలు జారుతుంటే చూసి, తాళంచెవి మన సంఘం డూకె చేతిలో పెట్టేస్తా."

"ముందు ఐసు రావద్దూ?"

"వస్తుంది."

"నీకు వచ్చేది బాతులే."

"అయితే బాతులకే సూపు పొయ్యి, నీ నోటికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది," అని తలుపేసుకున్నాడు.

ఐసు వచ్చింది. ఎలాంటి ఏడాదిలో వచ్చిందో చూడండి! దుకాణాలు మూత. కాఫీ తాగే చోట్లు మూత. పిల్లల బళ్ళు మొన్న మొన్నే తెరిచారు. రాత్రి తొమ్మిది దాటితే కర్ఫ్యూ. ఐసు తయారయ్యేదేమో రాత్రి పూట. వీబ్రెన్ మునిసిపాలిటీకి ఫోన్ చేసి, రాత్రి నీళ్ళు చల్లడానికి అనుమతి కావాలన్నాడు. ఫోనెత్తిన అమ్మాయి అడిగిందట, "మీది అత్యవసర సేవ కిందికి వస్తుందాండీ?" అని.

"ఐసమ్మా, ఐసు!"

"ఐసు అత్యవసరం కాదండీ."

"నీ వయసెంత తల్లీ?" అని అడిగి ఫోన్ పెట్టేశాడు. రోజూ కర్ఫ్యూ వేళ దాటగానే, ఇంకా తెల్లారకుండానే, నుదుటికి లైటు కట్టుకుని గొట్టం ఈడ్చుకుంటూ బయల్దేరేవాడు. పంపు మోతకి నాకు నిద్ర పాడయ్యేది. ఆదివారం నాడు మంచు తుఫాను వచ్చి చేసిందంతా కప్పేస్తే, చీపురూ పారా పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మోకాలికి ఏదో గుడ్డ కట్టుకున్నాడు. సాయం చెయ్యడానికి నలుగురు పోతే నలుగురు గుమిగూడకూడదన్నారు. ఒక్కడే ఊడ్చాడు.

గురువారం పొద్దున వంటింటి కిటికీ మీద తట్టాడు. కనుబొమల మీద మంచు.

"పప్పు నానబెట్టు," అన్నాడు.

ఆయన నోటి వెంట ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! నాకు ఏడుపొచ్చినంత పనయింది. పప్పు నానబోసి, పెద్ద గిన్నె దించి తోముతూనే ఉన్నాను, డూకె వచ్చి కంచె అవతల నిలబడ్డాడు. డూకె మా సంఘానికి అధ్యక్షుడు. మంచివాడే. కానీ గోడ మీద పిల్లి, అదీ ఎప్పుడూ మునిసిపాలిటీ వైపు దూకే పిల్లి.

"వీబ్రెన్, ఫోనొచ్చింది. గేటు తెరవొద్దన్నారు. జనం పోగవుతారట."

"సంఘం సభ్యులకే తెరుద్దాం. పేర్లు రాసి, కొంతమందినే పంపుదాం."

"చెప్పాను. అర్జీ పెట్టుకోమన్నారు. చూస్తామన్నారు."

"ఎప్పటికి చూస్తారు? ఆదివారానికల్లా గాలి తిరుగుతుంది, ఐసు కరుగుతుంది."

"నేనేం చెయ్యను వీబ్రెన్? పైవాళ్ళు చెప్పారు."

"మరి కాలువ మీద జారేవాళ్ళ సంగతో?"

డూకె బూట్లకేసి చూసుకున్నాడు. "కాలువ మన సంఘానిది కాదుగా. దాని గురించి ఎవరూ ఏమీ అన్లేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. పప్పు నానబోసిన నీళ్ళు అలాగే సింకులో పారబోశాను.

మధ్యాహ్నానికల్లా ఊరు ఊరంతా కాలువ మీదే. పెద్దవాళ్ళు అటకల మీంచి స్కేట్లు దించారు. పిల్లలు వంటింటి కుర్చీలు తోసుకుంటూ నేర్చుకుంటున్నారు. మా దగ్గర అందరూ అలాగే నేర్చుకుంటారు, కుర్చీ వెనక చేతులేసి. తాళం పడ్డ మైదానం మాత్రం అద్దంలా, ఖాళీగా, ఎవరి కాలూ పడకుండా ఉంది. వీబ్రెన్ వంతెన దగ్గర నిలబడి గొంతు చించుకున్నాడు. "వంతెన కిందకి పోకండి! అక్కడ నీళ్ళు కదుల్తాయి, ఐసు గుల్లగా ఉంటుంది!"

"వంతెన ఉద్యోగం పోయిందిగా తాతా, ఇంకా ఎందుకాపుతావ్?" అన్నాడొకడు.

"అంత మంచి ఐసు తాళమేసి దాచుకున్నావ్, ఎండబెట్టి వరుగులు చేస్తావా?" అందింకొకావిడ. తాళం ఈయన వేసినట్టే మాట్లాడారు. చేతికందింది నోటికందకపోతే, ఎదురుగా ఉన్నవాడి మీదే కదా విరుచుకుపడతారు.

శుక్రవారం బడి వదిలాక, బేకరీ ఆయన కూతురు మారిట్ కుర్చీ తోసుకుంటూ వంతెన కిందకి పోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల. కుర్చీ ముందు కాళ్ళు దిగబడ్డాయి, వెనకే ఈ పిల్ల తొడదాకా దిగబడింది. కుర్చీ అడ్డంపడి ఐసుకి పట్టుకుంది కాబట్టి వాళ్ళ నాన్న వచ్చి లాగేదాకా పిల్ల నిలిచింది. ఆ తరవాత కుర్చీ మాత్రం మునిగిపోయింది.

ఆ సాయంత్రం వీబ్రెన్ మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజుకి ఆయనే మా ఇంటి ఒక్క చుట్టం. టీ పోస్తే ముట్టుకోలేదు.

"నా దగ్గర పిక్కల్లోతు నీళ్ళు. పడితే ప్యాంటు తడుస్తుంది, అంతే. దానికి తాళం. అక్కడ ఆరడుగుల మనిషి మునిగే లోతు. దానికి తాళం లేదు. ఏం తెలివే ఇది? నాకు బుర్ర పగలగొట్టుకోవాలనుంది గేస్కె."

ఇంతలో కిటికీ బయట డూకె గొంతు వినిపించింది. చక్రాల బండి తోసుకొచ్చాడు, నిండా ఇసుక. మధ్యాహ్నం ఎవరో కుర్రాళ్ళు కంచె దూకి మైదానంలో జారారట, ఎవరో ఫోటో తీసి పంపారట.

"ఇసక చల్లమన్నారు," అన్నాడు డూకె, మా ఇద్దరి మొహాలూ చూడకుండా. "ఐసు మీద ఇసకుంటే స్కేట్లు అరిగిపోతాయి, ఎవరూ దూకరు అని."

"నేను పోసిన ఐసు మీద నేనే ఇసక పొయ్యాలి?"

"నువ్వు పొయ్యకపోతే రేపు వాళ్ళే మనుషుల్ని పంపిస్తారు."

వీబ్రెన్ బండిలోంచి గుప్పెడు ఇసుక తీసి వేళ్ళ మధ్య రాల్చి చూశాడు. "బండి ఇక్కడ పెట్టి పో. ఎక్కడ చల్లాలో నాకు తెలుసు."

డూకె వెళ్ళాక నేను విరుచుకుపడ్డాను. "ఆ ఇసక చల్లావో, నీ మొహం చూడను!"

"నువ్వు పప్పు నానబెట్టు," అని బండి తోసుకుంటూ కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ముసలాడికి మతి పోయిందనుకున్నాను. అయినా నానబెట్టాను, ఎందుకో తెలీదు.

శనివారం తెల్లారాక కోటేసుకుని మైదానం దగ్గరకి పరిగెత్తాను. గేటుకి తాళం వేసే ఉంది. ఐసు మీద ఒక్క రేణువు లేదు. వంతెన వైపు మాత్రం ఒకటే తిట్లు. వంతెనకి ఇటూ అటూ, కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అడ్డంగా ఇసుక పోసి ఉంది. ఆ వెడల్పు ఇసుక దాటి ఎవడి స్కేటూ ముందుకి పోదు. దాని పక్కనే గట్టు మీద వీబ్రెన్, చేతిలో గాలపు కర్ర, కర్రకి చెక్కబూటు. ఆయన కాళ్ళ దగ్గర నుంచి, కంచె లేని కాలువ వైపు పొదల సందులోంచి, మైదానం అంచు దాకా ఎర్ర తివాచీ పరిచి ఉంది. ఫ్రౌక్ తివాచీ.

మా దగ్గర ఐసు బాగోలేని చోట గట్టు మీద తివాచీలు పరుస్తారు. స్కేట్లు విప్పకుండా వాటి మీద నడిచి, చెడ్డ చోటు దాటి, మళ్ళీ ఐసు మీదకి దిగుతారు. తాతల నాటి పద్ధతి, దానికెవడూ అనుమతి అడగడు. కాకపోతే మామూలుగా ఆ తివాచీ వంతెన పక్కనుంచి పోతుంది. ఈయనది మైదానంలోకి పోయింది. మైదానం అవతలి కొసన ఆయన పడగ్గది తివాచీలూ, మెట్ల మీది పట్టాలూ పరిచి, వంతెన దాటాక మళ్ళీ కాలువలోకి దారి తీశాడు.

డూకె రొప్పుకుంటూ వచ్చాడు. "ఏంటిది వీబ్రెన్?"

"ఇసక చల్లమన్నావ్, చల్లాను. గేటు తెరవొద్దన్నావ్, తెరవలేదు. వంతెన కింద ఐసు బాలేదు, నిన్న పిల్ల పడింది. చుట్టూ తిరిగి పోవాలి. తివాచీ వేశాను."

"ఇది చుట్టూ తిరగడమా? మైదానమంతా తిప్పావ్!"

"పొదలున్నాయి. దగ్గర దారి లేదు."

డూకె ఇసుక చూశాడు, తాళం చూశాడు, తివాచీ చూశాడు. పామూ చావలేదు, కర్రా విరగలేదు. తరవాత కోటు గుండీలు విప్పాడు. లోపల మెడలో స్కేట్లు వేలాడుతున్నాయి.

"దాటాలంటే దాటాలి మరి," అని గట్టు మీద కూర్చుని తాళ్ళు కట్టుకున్నాడు.

ఆ రోజంతా వీబ్రెన్ పాత ఉద్యోగం మళ్ళీ చేశాడు. కర్ర అడ్డం పెట్టి ఆపడం, ఎత్తి వదలడం. కర్ర పొడుగంత ఎడం లేకుండా ఒక్కరినీ తివాచీ ఎక్కనివ్వలేదు. ఎక్కువ మంది దాటుతున్నారనిపిస్తే చెక్కబూటు వాళ్ళ ముక్కు ముందు ఊపి "ఇంకా కాదు" అనేవాడు. మారిట్ కొత్త కుర్చీ తెచ్చుకుంది. దాటి పోవాల్సిన పిల్ల మైదానం చుట్టూ తిరుగుతూనే ఉంది. నేను సూపు అమ్మలేదు, అమ్మకం నిషేధం. మా గోడ మీద గిన్నె పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయాను. అది ఖాళీ అయితే నాకేం సంబంధం? చీకటి పడబోతుండగా అందరూ వెళ్ళాక, వీబ్రెన్ నా వంటింటి కుర్చీ అడిగి పట్టుకెళ్ళాడు. దాని వీపు పట్టుకుని, కుంటి కాలు ఈడ్చుకుంటూ, చిన్నపిల్లాడిలా మైదానం ఒక చుట్టు తిరిగాడు.

ఆదివారం మధ్యాహ్నానికే వాన.

సోమవారం డూకె గొడుగేసుకుని వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితం. "వచ్చింది వీబ్రెన్! సభ్యులకి మాత్రం గేటు తెరవచ్చట, షరతులున్నాయనుకో." గొంతులో సంబరం సగం దారిలోనే ఆగిపోయింది. గేటు అవతల నీళ్ళ మీద వాన పడుతోంది. రెండు బాతులు వచ్చి చేరాయి కూడా.

వీబ్రెన్ కాగితం మొత్తం చదివాడు. మడిచి తిరిగి ఇచ్చాడు.

"ఇంకా కాదు," అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

తరవాత జేబులోంచి తాళంచెవి తీశాడు. అన్నమాట ప్రకారం ఇచ్చేస్తాడనుకుని డూకె చెయ్యి చాపాడు. నేనూ అలాగే అనుకున్నాను. వీబ్రెన్ ఆ చెయ్యికేసి చూసి, తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"గేటు తీసి చూశాక ఇస్తానన్నాను. తీశానా?"

డూకె చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వీబ్రెన్ నావైపు తిరిగాడు. పొదల దగ్గర ఎర్ర తివాచీ బురదలో నానుతోంది, స్కేట్ల గాట్లతో చాలాచోట్ల పోగులు లేచిపోయాయి.

"ఆ కొస పట్టుకో గేస్కె," అన్నాడు. "ఇది ఆరాలి."