ఓడినవాళ్ల పాట

మా చిన్నమామ సంగీత దర్శకుడు. "యా సినిమాకప్పా?" అని అడిగినవాళ్లకు చూపుడువేలు పైకెత్తి, "సినిమాకు కాదు, వీడియో గేముకు" అనేవాడు. ఎనభైల చివర్లో చిత్తూరులో ఆ మాట విన్నవాళ్లు పాపం, ఒంట్లో బాగుందా అని అడిగేవాళ్లు.

బెంగళూరులో ఒక చిన్న కంపెనీ చేసిన ఆటకు ఆయన రెండు పాటలు కట్టాడు. ఓడితే మోగేది ఒక పూటలో కట్టాడు. గెలిస్తే మోగేదానికి ఏడాది పట్టింది. ఆ ఆట ఆడే మిషను ఒకసారికి ఒక్క స్వరమే పలికేది; మామకు మాత్రం అందులో వీణా మృదంగమూ వినిపించేవి.

ఆ మిషను తిరుపతి బస్టాండు దగ్గర ఒక అంగట్లో పెట్టారు. మామ ఆదివారాలు బస్సెక్కి వెళ్లి, గెలుపు పాట కోసం స్టూలేసుకుని కూర్చునేవాడు. ఆట మహా కష్టం. కొండ మీద గుండు కొట్టించుకుని దిగినవాళ్లను కూడా దేవుడు అందులో గెలిపించలేదు.

"ఎవురన్నా గెలిస్తే నేనే కార్డు రాస్తా, ఇంటికి పోప్పా" అనేవాడు అంగడాయన.

అలా అందరికీ నోటికొచ్చింది ఓటమి పాటే. 'టుయ్, టుయ్, టుయ్య్' అని కిందికి దిగే మూడు స్వరాలు. బస్సు తప్పినా, పరీక్ష తప్పినా మా ఇంట్లో అదే పాడేవాళ్లం. ఇంతటి ప్రజాదరణ ఏ దర్శకుడికి దక్కింది గనక!

ఒకరోజు మామ పెరట్లో పాచి మీద జారి వెల్లకిలా పడ్డాడు. వంటింట్లోంచి వచ్చిన అత్త ఆయన్ను లేపడం మాని ఆ పాట అందుకుంది. మామ పడినచోటి నుంచే చూపుడువేలు పైకెత్తాడు.

"ఆగు. సివరి స్వరం ఇంకా కిందికి రావల్ల. నేను పడిండే కాడికి."