ఇంటికొకరు

మామగారు కొత్తగూడలో దుకాణం మూసి మానుకోటకు వచ్చేసిన రోజుల్లో నేను కొత్త కోడలిని. అటు అడవిలోని అన్నలు, ఇటు పోలీసులు. ఒకరికి ఉప్పు అమ్మితే ఇంకొకరికి జవాబు చెప్పుకోవాలి. ఇన్నేళ్ళకు అడవి సద్దుమణిగింది కదా, మళ్ళీ అక్కడే వ్యాపారం పెడదామని పట్టుబట్టింది నేనే. నగలన్నీ అమ్మి, చింతపండు గింజ తీసే షెడ్డు వేయించాను. మా ఆయన వద్దంటూనే ఉన్నాడు. నేను వింటేనా!

షెడ్డయితే లేచింది గానీ పనికి మనుషులు రాలేదు. గూడెంలో ఎవరిని అడిగినా సరేనని తలూపేవాళ్ళు, మర్నాడు కనబడేవాళ్ళు కాదు. హైదరాబాద్ వ్యాపారి ఒకాయన వచ్చి చూస్తానన్నాడు. పనివాళ్ళు కళ్ళకు కనబడితేనే సరుకు కొంటాడట. ఆయన కాదంటే షెడ్డుకు తాళమే.

ఆయన వచ్చే ముందురోజు ఆటోకు మైకు కట్టించి గూడెమంతా తిప్పాను. ఏం చెప్పాలో కాగితం మీద నేనే రాసిచ్చాను: "రేపు పొద్దున షెడ్డు కాడ మీటింగున్నది. ఇంటికొకరు తప్పకుంట రావాలె." బాగా రాశానని మురిసిపోయాను కూడా. నా తెలివి తగలెయ్య.

తెల్లారి చూస్తే గూడెంలో ఒక్క పొయ్యి వెలగలేదు. అన్ని తలుపులకూ గొళ్ళాలు. పసిపిల్లల్ని ఎత్తుకుని అందరూ అడవిలోకి వెళ్ళిపోయారు. కొత్తగూడలోనే పుట్టి పెరిగిన మా ఆయన ఆ కాగితం చదివి తల పట్టుకున్నాడు.

"గీ మాట నీకెవరు చెప్పిండ్రు? అన్నలు పిలిచినా ఇంటికొకరే, పోలీసులు పిలిచినా ఇంటికొకరే. పోయినోళ్ళల్ల అందరు తిరిగి రాలె."

వ్యాపారి వచ్చి ఖాళీ షెడ్డు చూసి, మంచినీళ్ళయినా ముట్టకుండా కారెక్కాడు. నేను గుమ్మంలో కూలబడి ఏడ్చాను. చేతులారా నేనే అంతా పాడుచేసుకున్నాను. ఇంక నన్ను ఎవరు నమ్ముతారు?

ఎండెక్కాక అడవి వైపు నుంచి ఒక ముసలవ్వ నడుచుకుంటూ వచ్చింది. చంకలో చీరా దుప్పటీ కట్టిన మూట. ఒక్కరయినా పనికి వచ్చారని ప్రాణం లేచొచ్చి, గబగబా పీట వేశాను. ఆమె కూర్చోలేదు.

"మా ఇంటికెల్లి నేనొచ్చిన బిడ్డా. అప్పుడు పిలిస్తే కొడుకును పంపిన, మళ్ళ రాలె. కోడల్ని అడగకుర్రి. నన్నే తీస్కపోర్రి."