ఉప్పెక్కువైన వంకాయ కూర

మొన్న నంద్యాలలో మా మనవరాలి పెళ్ళికి పోయి వచ్చినప్పటి నుంచి నాకు మనసు ఒకచోట నిలవడం లేదు. లోటు ఏమీ జరగలేదు. ఫంక్షన్ హాలు చల్లగా ఉంది, టోపీలు పెట్టుకున్న పిల్లలు వడ్డించారు, వచ్చినవాళ్ళు పళ్ళేలు పట్టుకొని వరుసలో నిలబడి తిన్నారు. పెళ్ళికొడుకు తరఫు పెద్దవాళ్ళు తిన్నారో లేదోనని నేను మాటిమాటికీ లేస్తూ ఉంటే, మా కోడలు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఊరికే తిరుగులాడొద్దత్తా, ఆకలైనోళ్ళు వాళ్ళే పోయి పెట్టించుకుంటారు" అంది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పంక్తి వేసే ముందు ఆడపెళ్ళివారు ఒక్కొక్క పెద్దమనిషి దగ్గరకూ పోయి, లేవండి, కాళ్ళు కడుక్కోండి అని పిలవాలి. ఆళ్ళగడ్డలో మా అక్క పెళ్ళినాడు నాయన అందరినీ పిలిచాడు గానీ, శిరివెళ్ల నుంచి వచ్చిన మా బావ పెదనాయన అప్పుడు ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి పోయి ఉన్నాడు. తిరిగొచ్చి, తనను పిలవకుండానే పంక్తి వేశారని చూసి, అలిగి పోయి బండి మీద కూర్చున్నాడు. అది తెలిసి మగపెళ్ళివారంతా అన్నం వడ్డించిన ఆకుల ముందు చేతులు కట్టుకున్నారు. అక్క ఆ సాయంత్రమే ఆ ఇంటికి పోవాలి. ఈ మాట ఇట్లాగే మిగిలిపోతే అక్కను జీవితమంతా దెప్పుతారని అమ్మ వణికిపోయింది.

నాయన పోయి చేతులు జోడించాడు. "తినేదానికే వచ్చినామా మేము? ఎద్దులు తాగినాయి, అది చాలు, పోప్పా" అన్నాడాయన. నాయన బతిమాలేకొద్దీ ఆయన బిగుసుకున్నాడు.

అప్పుడు మా మేనత్త, ఏనాడూ బడి గడప తొక్కని మనిషి, ఇంకా వడ్డించని వంకాయ కూర దొప్పలో కొంచెం వేసుకొని, కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ తీరిగ్గా బండి దగ్గరకు పోయింది. పిలుపు మాట ఎత్తలేదు, తప్పయిందని అనలేదు. "అన్నా, ఆడ మా వంటోళ్ళు కొట్లాడుకుంటాండారు. ఉప్పు చాలిందని ఒకడు, చాల్లేదని ఒకడు. నువ్వు చెప్పందే కూర గంగాళం కదలదు" అంది.

ఆయన నాలుక మీద వేసుకొని, చాలాసేపు చప్పరించి, "రోంత తక్కువైందమ్మా" అన్నాడు.

"అయితే నీ చేత్తోనే వెయ్యి రా, మల్ల మమ్మల్ని అనొద్దు."

ఆయన వచ్చి, గుప్పెడు ఉప్పు తానే వేసి, ఆ చేత్తోనే పంక్తిలో కూర్చున్నాడు. మొదట్లో సరిగ్గానే ఉన్న ఆ కూరను అందరూ నోరెత్తకుండా తిన్నారు. నాయన చెంబెడు నీళ్ళు తాగాడు. అంత మంచి కూర చెడగొట్టావేమని నేనడిగితే, "వంకాయలు మళ్ళీ కాస్తాయిలే పో" అంది అత్త. అక్క ముందు ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఏనాడూ ఎత్తలేదు.

మొన్న పెళ్ళిలో ఎవరూ అలగలేదు, మంచిదే. నేనే కాసేపు బయటికొచ్చి, కార్లు నిలిపిన చోట ఒక కుర్చీ లాక్కొని కూర్చున్నాను, గాలి కోసమని అనుకుంటూ. లోపలివాళ్ళు తిని, చేతులు తుడుచుకుంటూ నా ముందు నుంచే పోతూ, నవ్వుతూ తల ఊపారు. ఎవరైనా దొప్పలో కూర తెస్తారేమోనని నా చూపు హాలు తలుపు మీదే ఉందని చాలాసేపటికి గానీ నాకు తెలియలేదు.