పెదాల మీద చూపు

లెయాండ్రో బస్సానీ అర్జెంటీనాలో పుట్టాడు. మెక్సికో పౌరసత్వం తీసుకుని ఆరేళ్లుగా మెక్సికో జట్టుకే ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. సాధన అయ్యాక తడి జుట్టుతో, ఎడమకాలు కాస్త ఈడుస్తూ మెక్సికోలోని మా వీధిలో యూస్తోలియమ్మ రొట్టెల బండి దగ్గరికి వస్తాడు. పచ్చిమిరప పచ్చడి మాకంటే ఎక్కువే వేసుకుంటాడు. ముక్కు కారినా నీళ్లు అడగడు.

"మన మెప్పు కోసం తింటున్నాడు," అంటుంది ఆవిడ, అతను అటు వెళ్లగానే. మ్యాచ్ రోజున టీవీలో జాతీయగీతం మొదలైతే ఆవిడ కళ్లు అతని పెదాల మీదే. "చూడండి, ఊరికే నోరాడిస్తున్నాడు!"

మొన్న భూకంపం సైరన్ మోగింది. తింటున్న మేమంతా పళ్లేలతోనే రోడ్డు మధ్యకి పోయాం. బస్సానీ మాత్రం ముందు పొయ్యి ఆపి, గ్యాస్ సిలిండర్ కట్టేసి, యూస్తోలియమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆనక ఇక్కడ పుట్టినవాడిలాగే తలెత్తి, కరెంటు తీగలు ఊగుతున్నాయేమోనని చూశాడు.

అతను వెళ్లాక టాక్సీ నడిపే చేమా నవ్వాడు. "ఇప్పుడైనా నమ్ముతావా అక్కా?"

"నా సిలిండర్ ఎటు తిప్పితే ఆగుతుందో వాడికెలా తెలుసురా? ఎన్నాళ్లుగా కనిపెడుతున్నాడో!"

ఆదివారం మళ్లీ మ్యాచ్. గీతం మొదలవగానే బండి చుట్టూ అందరం లేచి, గుండెకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని గొంతెత్తాం. టీవీలో అతనూ పాడుతున్నాడు. యూస్తోలియమ్మ ఒక్కతే పాడలేదు. అతని పెదాల మీంచి చూపు తిప్పుకుని పాడే తీరిక ఈ ఆరేళ్లలో ఆవిడకు ఒక్కసారీ దొరకలేదు.