బావగారికి పెద్ద వల

ఈ సాయంత్రం భీమవరంలో నా ప్రాణస్నేహితుడు రాజు నన్ను చంపించేశాడు. కంగారు పడకండి, ఆటలోనే.

ప్రతి ఆదివారం రాజు వాళ్ళ మేడ మీద మేం ముగ్గురం వీరులమై, పాచికలేసి రాక్షసులతో పోరాడతాం. రాజు మాతో ఆడడు, కథ నడిపి తీర్పు చెప్పేది వాడే. మొగల్తూరులో మా తాతయ్య విసురువల వేసే తీరు చూసి, రూల్ పుస్తకంలో లేని వలవీరుణ్ణి నేను తయారుచేశాను. వాడు ఒక్క విసురుకి ముగ్గుర్ని పట్టేస్తాడు. "మరీ బలంగా ఉన్నాడ్రా, మిగతావాళ్ళకి అన్యాయం" అంటూ రాజు మూడు వారాలు కోతలు పెట్టి, ఒక్కణ్ణే పట్టేలా చేశాడు. న్యాయమే కదా అని ఊరుకున్నాను.

ఈ రోజు వాళ్ళ చెల్లెలి భర్త, పెళ్ళయ్యాక తొలిసారి వచ్చినాయన, ఆటకి కూర్చున్నారు. రాజు ఆయనకీ వలవీరుణ్ణే ఇచ్చాడు, ముగ్గుర్ని పట్టేవాణ్ణి!

"ఇదేంట్రా?" అన్నాను.

"కొత్త అల్లుడికి తక్కువ చేస్తే మా చెల్లికి మాటొస్తుందిరా" అని నా చెవిలో చెప్పి, "కానివ్వండి బావగారూ!" అన్నాడు.

ఆట తెలియని బావగారు రాక్షసుణ్ణి వదిలేసి మా ముగ్గురి మీదా వల వేశారు. రాక్షసుడు తీరిగ్గా మమ్మల్ని తినేశాడు. "భలే విసిరారండీ!" అన్నాడు రాజు.

అప్పుడే వాళ్ళమ్మగారు బొబ్బట్లు తెచ్చారు. బావగారికి నాలుగు, మాకు తలొకటి. ఆ ఇంట్లో రూలు అందరికీ ఒకటేనని నేనెలా నమ్మానో, మీరైనా చెప్పండి.